సింబల్ మోగేదాకా

ఆపకూడదు!

డ్రమ్మర్ భుజాలు మంటెత్తుతున్నాయి. అయినా కర్రలు ఆగడం లేదు.

ఆపితే... చెల్లెమ్మ చచ్చిపోతుంది!

ఎదుట చీకటి మైదానం నిండా జనం. సాయంత్రపు వానకు వేదిక చెక్కలు ఇంకా తడిగానే ఉన్నాయి. పెడల్ మీద అతని పాదాలు ఎప్పటిలాగే ఉత్తవి. చెప్పులేసుకుంటే కాలికి తాళం తెలియదంటాడు. ముందు, అతనికి వీపు చూపిస్తూ, మైకు స్టాండుకు రెండడుగుల దూరంలో, అతను చెల్లెమ్మ అని పిలిచే గాయని.

ఈ బ్యాండులో ఒక కట్టుబాటు ఉంది. డ్రమ్మర్ పెద్ద ఇత్తడి పళ్లేన్ని, సింబల్‌ని, మోగించేదాకా గాయని మైకు దగ్గరికి వెళ్లదు. మధ్యలో డ్రమ్ము ఆగిపోతే మాత్రం, జనానికి సర్దిచెప్పడానికి ఆమే మైకందుకుంటుంది.

అందుకే అతను మోగించడం లేదు.

క్షణం క్రితం ఇయర్‌ఫోన్‌లో మేనేజర్ గొంతు వినిపించింది. సౌండ్ ఇంజనీర్ సూచనలు అందుకోవడానికి ఆ ఇయర్‌ఫోన్ బ్యాండులో అతనొక్కడికే ఉంది. జనం వెనకాల, సౌండ్ బల్ల దగ్గర, ఈ ఇయర్‌ఫోన్‌లోకి మాట్లాడే మైకును ఎవరో కట్టేయడం మరిచారు!

“స్టాండులోకి నేరుగా కరెంటిచ్చేశా. పట్టుకుందా... వాళ్లన్నయ్య దగ్గరికే.”

“వద్దు సార్! పసిపిల్ల సార్...” ఇంజనీర్ ఏడుపు గొంతు.

“నోర్మూసుకుని నీ బటన్లు నువ్వు చూస్కో. నీ వీపుకి ఆనింది ఏంటో తెలుసుగా?”

గాయని సొంత అన్నయ్య!

కారు షెడ్డులో, పాత గిటారుతో ఈ బ్యాండును మొదలుపెట్టినవాడు. పాటలన్నీ అతనివే. వేదికలు పెద్దవయ్యాయి. గొడవలూ పెద్దవయ్యాయి. పాటల హక్కులు రాసిమ్మన్నాడు మేనేజర్. ససేమిరా అన్నాడు అన్నయ్య. ఆ వారమే రిహార్సల్ గదిలో, మైకు పట్టుకుని, నిలువునా కూలిపోయాడు.

కరెంటు ప్రమాదమన్నారు. ఆ చావుతోనే ఆల్బం ఊరూరా మోగింది.

నిన్న డ్రమ్మర్, ఆ రోజు అన్నయ్య గిటారు తగిలించిన పాత యాంప్లిఫయర్ విప్పి చూశాడు. షాకు కొట్టకుండా కాపాడే ఎర్త్ వైరు... తెగలేదు. కత్తిరించి ఉంది!

కచేరీ కాగానే దాన్ని పోలీసులకు అప్పగిస్తానని చెల్లెమ్మతో అన్నాడు. అప్పుడు గది తలుపు తెరిచే ఉంది.

కుడిచేతిలోని కర్ర చెమటకు జారిపోయింది!

ఇక వాయించలేడు. స్టూలు తన్నేసి, మిగిలిన కర్రతో ముందుకు ఉరికాడు.

“చెల్లీ! ముట్టుకోకు!”

కొత్తగా చేరిన గిటారిస్టు హోరులో ఆ కేక కలిసిపోయింది. డ్రమ్ము ఆగేసరికి ఆమె ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. తూలింది. ఆసరా కోసం...

స్టాండును పట్టుకుంది!

ఏమీ కాలేదు.

అతని చూపు ఆమె కాళ్ల మీద పడింది. మందపాటి రబ్బరు బూట్లు. కొత్తవి. పొద్దున మేనేజరే స్వయంగా తెచ్చిచ్చాడు!

తర్వాత తన కాళ్లు చూసుకున్నాడు. ఉత్త పాదాలు. కింద నీళ్లు.

ఉన్నచోటే ఆగిపోయాడు.

ఈ ఉచ్చు ఆమెకు కాదు... తనకు!

“రారా... ఇంకొక్క అడుగే,” చెవిలో మేనేజర్ నవ్వు. “మైకు కట్టేయడం నేను మరుస్తానా?”

“అన్నా, ఏమైందన్నా?”

ఒక చెయ్యి స్టాండు మీదే ఉంచి, రెండో చేత్తో అతని భుజం పట్టుకోబోయింది ఆమె. వేళ్లు వచ్చేస్తున్నాయి...

చేతిలోని చెక్క కర్రతో, స్టాండు మీదున్న ఆమె మణికట్టును ఫట్టున కొట్టాడు!

పట్టు వదిలింది.

“అబ్బా! పిచ్చెక్కిందా నీకు?”

“స్టాండులో కరెంటుంది! వెనక్కి జరుగు!”

గిటారు ఆగిపోయింది.

“తెలివైనవాడివేరా,” మళ్లీ ఆ గొంతు. “మీ గిటారోడికి అంత తెలివుంటే నా చేతిలో చచ్చేవాడు కాదు.”

డ్రమ్మర్ చటుక్కున తలెత్తాడు. మాటలకు కాదు. ఆ మాటలు రెండుసార్లు వినపడినందుకు!

ఒకసారి చెవిలో. మరోసారి... వేదికకు ఇరువైపులా ఉన్న కొండంత స్పీకర్లలో!

వేలాది తలలు ఒక్కసారిగా సౌండ్ బల్ల వైపు తిరిగాయి.

“ఒరేయ్! ఏం నొక్కావురా నువ్వు?” స్పీకర్లు అరిచాయి.

ఢాం!

ఆ తుపాకీ మోతా స్పీకర్లలోంచే వచ్చింది.

తర్వాత జనం కేకలు, పెనుగులాట. ఎగశ్వాస. ఇంజనీర్ సన్నటి గొంతు.

“అన్నా... అందరికీ... వినపడిందా?”