పిలిచేదాకా కూసో

“జర మంచం ఖాళీ చెయ్యన్నా! వరండాల పేషెంట్లు ఆగుతున్నరు.”

“అన్న అనకుండ చెప్పు మేడం, అప్పుడు నీ మాట ఇంట.”

దీక్షితకు ఒళ్లు మండింది. లింగాల ఘనపూర్ నుంచి వచ్చి, మానుకోటలో ఆ ప్రైవేటు దవాఖానలో చేరి నెల కూడా కాలేదు. నయమైనవాళ్లను పెందలాడే ఇళ్లకు పంపి, కొత్తవాళ్లకు మంచాలు చూపడం ఆమె ఉద్యోగం. ఎదురుగా నవ్వుతూ నిలబడ్డ బలరాం డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగి. పొలంలో పాము కరిచిన తల్లి కమ్లీని కురవి పక్క తండా నుంచి తెచ్చి చేర్పించాడు. చావు అంచుదాకా వెళ్లి వచ్చిన మనిషి ఇప్పుడు లేడిపిల్లలా ఉంది. డాక్టరు పొమ్మన్నాడు. అయినా నిన్న కదల్లేదు, ఇవాళా కదల్లేదు.

“నన్నంటే ఏం లాభం? మా యాడినే అడుగు,” అంటూ తల్లిని చూపించాడు.

కమ్లీ బట్టల ముల్లె ఒళ్లో పెట్టుకుని మూలమంచం వైపు చూస్తోంది. ఆ మంచం ఖాళీ.

“ఆమె గూడ వస్తదట బిడ్డా. జర ఆగమంటున్నది.”

“ఎవరవ్వా?”

“గామెనే. జడ అల్లుకుంటున్నది.”

దీక్షిత నవ్వబోయింది. కరెంటు లేదు, గాలి లేదు. అయినా మూలమంచం పక్కనున్న తెర మెల్లగా జరిగింది. వెనకే గాజుల గలగల. ఆమె నవ్వు ఆగిపోయింది. తల తిప్పితే, బలరాం ముఖంలోనూ నవ్వు లేదు.

“నువ్వు గూడ విన్నవా?” అన్నాడు మెల్లగా. మేడం అన్నమాట ఎటు పోయిందో ఇద్దరూ గమనించలేదు.

మర్నాడు ముసురు పట్టింది. వరండాలో స్ట్రెచర్ మీద భూపాలపల్లి నుంచి వచ్చిన సుమ అనే అమ్మాయి డెంగీ జ్వరంతో వణుకుతోంది. వాన జల్లు ఆమె దుప్పటి మీదే పడుతోంది. వార్డులో మంచాలన్నీ నిండాయి, ఆ మూలమంచం తప్ప.

“సుమను అక్కడ పడుకోబెడదాం సిస్టర్,” అంది దీక్షిత.

హెడ్ నర్సు సరోజన తల అడ్డంగా ఊపింది. “ఎవరిని పండబెట్టినా తెల్లారెవరకు కింద పంటున్నరు. ఎవరో జరగమంటున్నరట.”

“ఎవరు సిస్టర్? నాకు చెప్పరా?”

సరోజన జల్లు పడుతున్న కిటికీ రెక్క మూసి చెప్పింది.

“పోయిన వానాకాలం రామి అని ఒక లంబాడామె ఉండె. మంచిగైంది. తెలుగు అంతగ రాదు. పొద్దుగాల ఇంటికి పొమ్మన్నం. తల దువ్వుకొని, ముల్లె కట్టుకొని కూసున్నది. డాక్టరు సంతకానికి ఒక జాము, మందులకు ఒక జాము. అడిగినప్పుడల్లా ‘పిలిచేదాకా కూసో’ అన్నం. పొద్దు గూకినంక పిలువబోతే, కూసున్నది కూసున్నట్టే పానం పోయింది. ఎవ్వలం పిలువకపోతిమి.”

దీక్షిత మూలమంచం దగ్గరికి వెళ్లి దుప్పటి మీద చెయ్యి పెట్టింది. ఎవరో అప్పుడే లేచినట్టు వెచ్చగా ఉంది. చెయ్యి వెనక్కి లాక్కుంది. కాళ్లు మాత్రం పారిపోలేదు. వెనకాలే బలరాం వచ్చి నిలబడ్డాడు.

“మీ భాషల చెప్తవా? నేను చెప్పింది చెప్పినట్టు.”

“చెప్త.”

“రామవ్వా, నీకు సెలవైంది. మస్తు ఆలస్యం చేసినం, తప్పు మాదే. ఇగ కూసోకు. ఇంటికి పో.”

బలరాం ఆ మాటలను లంబాడీలో చెప్పాడు. దీక్షిత తెలియకుండానే అతని చెయ్యి పట్టుకుంది. మంచం కిర్రుమంది. కొబ్బరినూనె వాసన వాళ్లిద్దరి మధ్య నుంచి వాకిలి వైపు సాగిపోయింది.

కమ్లీ లేచి నిలబడింది. “పాండ్రి, ఇగ పోదాం.”

ఆటోలో కమ్లీ ఒక పక్కకు ఒదిగి కూర్చుంది. బలరాం వెనక ఎక్కబోతే చెయ్యి అడ్డం పెట్టి, “జాగ లేదు, ముందట కూసో,” అంది.

ఆ పూటే సుమను మూలమంచం మీదికి మార్చారు. ఆ పిల్ల ఆదమరిచి నిద్రపోయింది. ఇంటికి పోవాల్సినవాళ్లకు ముందురోజే సంతకాలు చేయించి, మందులు మంచం దగ్గరికే తెప్పించాలని దీక్షిత పట్టుబట్టింది. సరోజన మారు మాట్లాడకుండా సరేనంది.

రెండ్రోజుల తర్వాత వాన వెలిసిన మధ్యాహ్నం బలరాం మళ్లీ వచ్చాడు. తడిసిన జుట్టు, చేతిలో జొన్నరొట్టెల మూట.

“రామవ్వ తండా మలుపుకాడ యాడి ఆటో ఆపమన్నది. మోకాళ్లు పక్కకు జరిపి దారిచ్చింది. అప్పటిదాంక మొరిగిన కుక్కలు ఒక్కసారే ఊకున్నయి. దిగినామె మళ్ల తిరిగి చూడలేదట.”

దీక్షిత కళ్లలో నీళ్లు తిరిగాయి. అది కనబడనీయకుండా గొంతు గట్టి చేసుకుంది.

“గా ముచ్చట చెప్పనీకే డోర్నకల్ నుంచి వచ్చినవా? ఇక్కడ నీవాళ్లెవరున్నరు?”

“ఉన్నరో లేరో అడుగుదామనే వచ్చిన.”

అతను చూపు దించుకోలేదు. ఆమే దించుకుంది.

“రొట్టెలు యాడి పంపింది. పిల్ల ధైర్యం జూసినంక నాకు వేరే కోడలు వద్దన్నది. నువ్వు ఒద్దంటే నవ్వుకుంట పోత దీక్షితా. ఒట్టు.”

“మా నాయిన లొల్లి పెడ్తడు.”

“ఎరికే.”

“ఊరంత మాట్లాడ్తరు.”

“మాట్లాడనీ.”

ఆమె మూట విప్పి, రొట్టె సగం తుంచి అతని చేతిలో పెట్టింది.

“ఆదివారం మా ఊరికి రా. నాయినతోని నేనే మాట్లాడ్త. నువ్వు పక్కన నిలబడు, చాలు.”