వేళ్ల గుర్తుల ఇటుకలు

"ఏమండీ, ఆ ఇటుక కింద పెట్టండి. అది ప్రభుత్వానిది!"

హల్కా వెనక్కి తిరిగింది. సుద్దముక్క పట్టుకుని ఒక యువకుడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి నాలుగేళ్లయినా దుమ్ము వదలని పోలండ్ ఊరు వ్రోత్స్లావ్‌లో అంత మెరిసే బూట్లంటే, వార్సా నుంచి దిగిన కొత్త గుమాస్తా జెనోన్ అయ్యుండాలి.

"ఈ ఇటుకను ప్రభుత్వం ఎప్పుడు కాల్చిందట?" అంది.

బాంబులకు కూలిన పెద్ద చర్చిని ఊరి ఆడవాళ్లే లేపుతున్నారు. పాత సున్నం గీకి, వరసగా నిలబడి ఇటుకలను చేతులు మార్చుకుంటూ మేస్త్రీలకు అందిస్తున్నారు. జెనోన్ పొద్దున్నే వచ్చి ఆ ఇటుకల గుట్ట నిండా సుద్దతో గుర్తులు పెట్టేశాడు. లారీ వస్తే అన్నీ వార్సాకే.

"అక్కడ జనానికి ఇళ్లు లేవండీ," అన్నాడు.

"కూలిన ఇళ్ల ఇటుకలు తీసుకెళ్లండి, నేనే ఎక్కిస్తా. ఇవి మా చర్చివి."

"ఇటుకలన్నీ ఒకటే కదా?"

"చెయ్యి ఇలా ఇవ్వండి."

అతని చెయ్యి లాగి ఇటుక మీద పెట్టింది. ఏడొందల ఏళ్ల కింద ఎవరో పచ్చిమట్టిని వేళ్లతో చదును చేసినప్పుడు పడిన గాడులు. జెనోన్ వేళ్లు వాటిలో సరిగ్గా ఇమిడాయి. హల్కా చెయ్యి వదలడం మరిచిపోయింది. అతనూ గుర్తు చెయ్యలేదు.

ఇంతలో లారీ వచ్చింది. "ఎక్కించండి!" అని అరిచాడు లారీ దిగిన జెనోన్ పై అధికారి.

హల్కా వెళ్లి గుట్ట మీద కూర్చుంది. "నన్నూ కలిపి ఎక్కించండి!"

"జెనోన్, ఆమెను లాగెయ్! ఇవి కూలిన ఇళ్ల ఇటుకలని సంతకం పెట్టు, అది లేకుండా లారీ కదలదు."

జెనోన్ కోటు చేతి అంచుతో సుద్దగుర్తులు ఒక్కొక్కటే తుడిచేశాడు.

"ఇవి ఇళ్లవి కావు సార్. చర్చివి. నేను పెట్టను."

"ఉద్యోగం అక్కర్లేదా?"

"అక్కర్లేదు."

హల్కా గుట్ట మీంచి అతన్నే చూసింది. ఇతన్ని వదులుకుంటే తనంత తెలివితక్కువది ఉండదనిపించింది.

"ఇప్పుడు ఖాళీగా ఉన్నాను," అన్నాడు జెనోన్, చెవులదాకా ఎర్రబడి. "మీ వరసలో చోటుందా?"

"నా పక్కనే ఉంది. కానీ ముందు ఆచారం ప్రకారం మూడు ఆదివారాలు ఈ చర్చిలో ఫాదర్ చేత పెళ్లి ప్రకటన చదివించాలి. నీ పేరూ, నా పేరూ."

"నీకేమైనా పిచ్చా? చర్చికి ఇంకా పైకప్పే వెయ్యలేదు!"

"వెయ్యకపోతే మరీ మంచిది," హల్కా లారీ వైపు చూస్తూ గొంతు పెంచింది. "వాళ్ల ఆఫీసు దాకా వినపడుతుంది!"