గలావే చిత్తడిలో మట్టి

రూబెన్ గాలోను మొసలి చంపలేదు. పోలీసు రిపోర్టులో అలా రాశారు గానీ, మెడ వెనక నుంచి పిస్టల్ పేల్చే మొసలి న్యూ బ్రిటన్ దీవి మొత్తం మీద ఒక్కటీ లేదు.

కింబే రేవులో, చేపల మార్కెట్ వెనక ఐసు గోదాంలో, ఇస్లిన్ టోవార్పిన్ శవం మీద గుడ్డ తీసి చూసింది. పదకొండేళ్ల కింద ఆమెకు గూఢచారి పని నేర్పింది రూబెనే. ఆమెకు ఏడుపు రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది.

"చూసింది చాలు, ఇటు రా," అన్నాడు కర్నల్ కపావా, వక్క నములుతూ. ఇంటెలిజెన్స్‌లో ఆమె పై అధికారి. "గలావే చిత్తడి. నాలుగు వేల హెక్టార్లు. హెల్స్ట్ అనేవాడు అక్కడ పామాయిల్ తోట వేస్తాడట. డబ్బు ఒక విదేశీ పెన్షన్ ఫండ్‌ది. వాతావరణానికి హాని లేదని రిపోర్టు ఉంటేనే వాళ్లు సంతకం పెడతారు."

"రిపోర్టు ఉందా?"

"లేకేం? దొంగ రిపోర్టులు వండడమే వాడి ముఠా వ్యాపారం. మూడు దేశాల్లో వండి వడ్డించారు. గలావేలో కింద ఉన్నది ఎర్రమట్టి అని రాశారు."

ఇస్లిన్ పళ్లు కొరికింది. గలావే కింద ఉన్నది పీటు. వేల ఏళ్లుగా నీళ్లలో నానిన ఆకూ వేరూ. నీళ్లు తీసేస్తే ఎండుతుంది. ఎండితే అంటుకుంటుంది. అంటుకుంటే భూమి లోపలే నెలల తరబడి కాలుతుంది.

"రూబెన్ ఫండ్ సర్వేయర్ వేషంలో వెళ్లి ఆ మట్టి తవ్వితీశాడు. శాంపిల్స్ ఎక్కడున్నాయో తెలియదు. రేపు పదకొండింటికి హోటల్లో సంతకం. అది పడిన మరుక్షణం ఎక్స్‌కవేటర్లు చిత్తడికి గండి కొడతాయి."

"నా వేషం?"

"ఇంటర్‌ప్రెటర్. అసలు ఇంటర్‌ప్రెటర్‌కి పొద్దున్నుంచి విరేచనాలు."

"అయ్యో పాపం."

"మనవాళ్లే పెట్టించారులే. ఇంకో మాట. హెల్స్ట్ దగ్గర సెలెస్ట్ మార్లో అని శాటిలైట్ ఫొటోలు చదివే కన్సల్టెంట్ ఉంది. లోపలి సమాచారం మనకు అందించేది ఆమే. 'పగడాలు ఎలా ఉన్నాయి' అంటుంది. 'తెల్లబడ్డాయి' అను."

"రూబెన్ ఏ దారిలో వెళ్తున్నాడో ఎవరెవరికి తెలుసు?"

కర్నల్ నమలడం ఆపాడు. "నాకు. ఆమెకు."

ఇస్లిన్ శవం మీద గుడ్డ తిరిగి కప్పింది.

ఆ మధ్యాహ్నమే మోటారు పడవలో గలావే చేరింది. చిత్తడి మీద హక్కున్న వంశానికి పెద్ద లోలో అమ్మమ్మ. వాకిట్లో కూర్చుని చేమదుంపలు చెక్కు తీస్తోంది.

"రూబెన్ మనిషివా? వాడు రాలేదేం? వస్తే నాలుగు తిడదామని కూర్చున్నాను."

"వాణ్ని చంపేశారు అమ్మమ్మా."

ముసలామె చేతిలో కత్తి ఆగింది. తర్వాత ఇంట్లోకి వెళ్లి, పొయ్యి మీది అటక నుంచి రెండు ప్లాస్టిక్ గొట్టాలు దించింది. వాటి మీద ఫండ్ వాళ్ల సీలు, తవ్విన చోటు నంబరు చెక్కు చెదరలేదు.

"మూడు వారాల కింద దాచమన్నాడు. తడి తగలకూడదని పొగ మీద పెట్టాను. రేపు హోటల్లో ఊరి తరఫున నన్ను మాట్లాడమన్నారు. ఇవి నా సంచిలోనే వస్తాయి. చేమదుంపల సంచి ఎవడు వెతుకుతాడు?"

మర్నాడు హోటల్ మెట్ల మీద సెలెస్ట్ ఎదురొచ్చింది. పట్టు గౌను, ముత్యాల దండ, నెత్తి మీదికి తోసిన నల్లద్దాలు. గుమ్మంలో నిలబడితే గాలి కూడా దారి అడిగేలా ఉంది.

"పగడాలు ఎలా ఉన్నాయి?"

"తెల్లబడ్డాయి."

"రూబెన్ సంగతి విని రాత్రంతా ఏడ్చాను. శాంపిల్స్ దొరికాయా?"

ఆమె కళ్లు ఉబ్బలేదు. కాటుక చెదరలేదు. "ఇంకా లేదు," అంది ఇస్లిన్.

హాల్లో ఫండ్ ప్రతినిధులు ఆరుగురు చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకున్నారు. హెల్స్ట్ ఇస్లిన్ కాలర్‌కి మైకు తగిలించి, చెవిలో గొణిగాడు. "ముసలిది ఏం కూసినా, 'మాకు చాలా సంతోషం' అని చెప్పు. అర్థమైందా?"

"అర్థమైంది దొరా."

అతను మాత్రం ఇయర్‌ఫోన్ పెట్టుకోలేదు. ఊరివాళ్ల మాటలతో అతనికి ఏనాడూ పని పడలేదు.

పదకొండుకు పది నిమిషాలు ఉండగా సెలెస్ట్ తలుపు దగ్గర నుంచి సైగ చేసింది. ఇస్లిన్ నడవాలోకి వెళ్లింది. మైకు ఆపలేదు.

చిన్న పిస్టల్ డొక్కలో గుచ్చుకుంది. "శాంపిల్స్ నీ దగ్గరే ఉన్నాయి. గలావే వెళ్లొచ్చావట. ఇచ్చెయ్."

"రూబెన్ దారి చెప్పింది నువ్వేనా?"

"దారి నేను చెప్పాను. కాల్చింది హెల్స్ట్ మనిషి. అయినా బురద కోసం చావడమేంటి? ఎర్రమట్టి అని నేను రాశాను, ఆ ఆరుగురూ నమ్మారు. వాళ్లకు కావలసింది నిజం కాదు, కాగితం."

"అదే మాట కొంచెం గట్టిగా చెప్పు. వెనక కూర్చున్నవాళ్లకు వినబడాలి."

సెలెస్ట్ చూపు కాలర్ మీదికి దూకింది. ఆ ఒక్క క్షణం చాలు. ఇస్లిన్ జేబులోని వక్కల సున్నం డబ్బీ తీసి ఆమె కళ్లల్లో గుమ్మరించి, మణికట్టు విరిచి, పిస్టల్ లాక్కుంది. వెయిటర్ల వేషంలో ఉన్న కర్నల్ మనుషులు మిగతా పని చూశారు.

ఇస్లిన్ హాల్లోకి పరుగెత్తేసరికి ప్రతినిధుల ముఖాల్లో నెత్తురుచుక్క లేదు. వాళ్ల పెద్ద విట్‌కోమ్ పెన్ను పట్టుకుని హెల్స్ట్ వైపు చూస్తున్నాడు. హెల్స్ట్ నవ్వుతూ నిలబడ్డాడు.

"మీరేం విన్నారో గానీ, ఏదో ఆడియో పొరపాటు. పదకొండవుతోంది సార్, కానివ్వండి."

"అంతే అయ్యుంటుంది," అన్నాడు విట్‌కోమ్. పెన్ను కాగితానికి తగిలింది.

ఇస్లిన్‌కి సెలెస్ట్ మీద కన్నా అతని మీద ఎక్కువ కోపం వచ్చింది. విన్నాడు! చెవులారా విన్నాడు!

"అమ్మమ్మా, నీ వంతు!"

లోలో అమ్మమ్మ గొట్టాన్ని బల్లకేసి కొట్టింది. ఫండ్ సీలు పగిలి, పొయ్యి వేడికి ఎండిన నల్లటి ముద్ద దొర్లి కాగితాల మీద పడింది. ఆమె అగ్గిపుల్ల గీసి పెట్టింది.

మట్టి అంటుకుంది. అంచు ఎర్రబడి, చిక్కటి పొగ లేచింది. కాగితాలు నల్లబడ్డాయి. విట్‌కోమ్ పెన్ను వదిలేసి గోడకు కరుచుకున్నాడు. పై నుంచి ఫైర్ అలారం మోగి, కప్పులోంచి నీళ్లు కురిశాయి. సగం పడిన సంతకం సిరాగా కరిగి బల్ల మీద నుంచి కారిపోయింది. కిటికీ దూకబోయిన హెల్స్ట్‌ని కర్నల్ కాలరు పట్టుకుని వెనక్కి లాగాడు.

"ఇదేనయ్యా నీ ఎర్రమట్టి!" ముసలామె అరుస్తోంది. "ఇదే నా మనవళ్ల కాళ్ల కింద కాలేది!"

ఇస్లిన్ ఆ మాటల్ని అదే గొంతుతో, అదే అరుపుతో అనువదించింది.

గంట తర్వాత, తడిసిన కోటు పిండుకుంటూ వచ్చాడు విట్‌కోమ్. "ఇవన్నీ మా అసెస్‌మెంట్ ఫారంలో ఎక్కించాలి. ఉద్గారాలు, నీళ్లు, అడవి... అన్నిటికీ గడులున్నాయి."

"రూబెన్ గాలోది ఏ గడి?"

అతను నలభై ఆరు పేజీలు తిప్పాడు. చివరి పేజీలో ఒక గడి మీద వేలు పెట్టాడు. "'ఇతరాలు' అని ఒకటుంది."

"ఏమంటున్నాడే?" అంది లోలో అమ్మమ్మ.

"వాళ్ల ఫారంలో మనం 'ఇతరాలు' అట అమ్మమ్మా."

ముసలామె విట్‌కోమ్‌ని ఎగాదిగా చూసి, అతని తాత ముత్తాతలను తలచుకుంటూ ఓ పావుగంట జవాబిచ్చింది.

"ఏమంటున్నారు?" ఆశగా అడిగాడతను.

"మాకు చాలా సంతోషం," అంది ఇస్లిన్.