నెలకొక రాత్రి వెలిగే ఇల్లు

రేవు వీధి చివరి మేడ ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ నడవరు. పని ఉన్నా ఎదురు కాలిబాటకి మారిపోతారు. ఆఖరి బస్సు డ్రైవరయితే ఆ మలుపులో హారను కూడా కొట్టడు... లోపలున్నది తలతిప్పి చూస్తుందేమోనని.

ఆ ఇంటికి తాళం పడి ఆరేళ్లు. అయినా నెలకొక రాత్రి — అమావాస్యా అక్కర్లేదు, పౌర్ణమీ అక్కర్లేదు — లోపల ఒక వెలుగు తిరుగుతుంది. ముందు కింది గదిలో... తర్వాత మెట్ల మీద... తర్వాత పైగది కిటికీలో. కాసేపటికి గోడల్లోంచి మూలుగు వినిపిస్తుంది. తెల్లారి చూస్తే వేసిన తాళం వేసినట్టే ఉంటుంది.

నేను చూడలేదు. చూసింది మా బావ. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

బావ లిఫ్టులు బిగించే మేస్త్రి. మా అక్క పోయి నాలుగేళ్లయింది. పోయినేడు రిటైరయ్యాడు, కంపెనీ క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు. మా ఇంటికి రమ్మన్నాను.

"నువ్వూ నేనూ రెండ్రోజులు ఒక కప్పు కింద ఉంటే మూడోరోజుకి కప్పుండదు, బావమరిదీ" అన్నాడు.

కాదనలేకపోయాను.

ఆయన ఒక కాగితం తీసుకుని నిలువుగా గీత గీశాడు. ఒకవైపు కొండకింద ఊరు, ఒకవైపు రేవు ఊరు. ఇంటిపన్ను కొండకింద ఊళ్లో సగమే. అక్కడ తుఫాను భయం లేదు కాబట్టి ఇంటి ఇన్సూరెన్సు మూడోవంతే. కాగితం చూస్తే ఆలోచించడానికేమీ లేదు.

"ఇంకా దేనికి నానుస్తున్నావు బావా?"

"రేవు ఊళ్లో సాయంత్రమయితే జనం గుమ్మాల్లో కూర్చుంటారు."

"వాళ్లని చూడ్డానికి రెండింతలు పన్ను కడతావా?"

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఉన్న డబ్బుకి ఒక్క ఇల్లే వస్తుంది. తప్పు ఇల్లు కొంటే అందులోనే పోవాలి. దిద్దుకునే వయసు కాదు" అన్నాడు.

రేవు ఊళ్లో ఆయన కొనగలిగింది ఒక్కటే. ఆ చివరి మేడ. పేరు పాడయింది కాబట్టి ధర పడిపోయింది.

బావకి ఒక అలవాటుండేది. కొత్త లిఫ్టు బిగించాక ఒక రాత్రి ఆ బిల్డింగులోనే పడుకునేవాడు. పగటి చప్పుళ్లన్నీ అణిగితేగాని మెషిను గుణం తెలియదనేవాడు. ఇంటికీ అదే పద్ధతి పెట్టాడు. ఒక రాత్రి పడుకోనిస్తేనే అడ్వాన్సు అన్నాడు.

ఇళ్ల బ్రోకరు పొద్దుండగానే తాళంచెవి చేతిలో పెట్టాడు. గేటు లోపలికి అడుగు పెట్టలేదు.

"పొద్దున్నే వచ్చి తీసుకుంటానండీ. మీరే ఇవ్వండి... వేరే ఎవరితోనూ పంపకండి."

కరెంటు లేదు. బావ కింద వెనకగదిలో దుప్పటి పరుచుకున్నాడు. పడుకునేముందు ఇల్లంతా ఒకసారి తిరిగాడు. ముందు తలుపు గడియ తుప్పుపట్టి పడటం లేదు; లోపల్నుంచి తాళం తిప్పి ఊరుకున్నాడు. మెట్లలో మూడోది కిర్రుమంటోంది. మిగతా ఇల్లు గట్టిదే. దుమ్ము మాత్రం ఆరేళ్లది కాదు. అది ఆయనకి నచ్చలేదు.

ఆఖరి బస్సు వచ్చిన చప్పుడు... వెళ్లిన చప్పుడు. తర్వాత గాలి ఒక్కటే.

అప్పుడు — తాళం తిరిగింది.

ఎవరూ తలుపు తొయ్యలేదు. తడుముకోలేదు. రోజూ తిప్పే చెయ్యి తిప్పినట్టు తిరిగింది.

వెనకగది తలుపు సందులోంచి సన్నని వెలుగు నేల మీద పాకింది. ఆగింది. వెనక్కి వెళ్లింది. మెట్ల మీద అడుగులు... ఒకటి... రెండు... నాలుగు.

మూడోది కిర్రుమనలేదు.

అక్కడే బావ బుర్ర పనిచేసింది. చప్పుడయ్యే మెట్టు దాటి కాలు వేశారంటే ఆ కాలికి బరువుంది. బరువున్నది గాలి కాదు... మనిషి. అయినా భయం పోలేదని నాతో ఒప్పుకున్నాడు.

గోడలు మూలిగాయి. ఈసారి భయపడలేదు. వాడకం లేని పైపుల్లో గాలి అది. ఎవరో పైన కొళాయిలు తిప్పుతున్నారు.

తర్వాత పైగదిలోంచి గుసగుసగా ఒక గొంతు...

"వచ్చాను... వచ్చానులే."

ఎవరితో? ఖాళీ గదితో.

బావకి అప్పుడు జలదరించింది. అయినా లేచాడు. వినపడాలనే మూడోమెట్టు మీద కాలు వేశాడు. కిర్రుమంది.

పైన వెలుగు ఆరిపోయింది.

చీకట్లో ఇద్దరూ ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డారు. ముందు ఆ గొంతే అడిగింది.

"దెయ్యమా?"

"కాదమ్మా. లిఫ్టు మేస్త్రిని. ఇల్లు చూసుకోవడానికి వచ్చాను."

"...ఈవేళప్పుడా?"

టార్చి వెలిగింది. డెబ్బై ఏళ్లావిడ. భుజాన సంచి, చేతిలో చెప్పులు. టెలిఫోను ఎక్స్చేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయిందట. ఆ ఇల్లు ఆవిడదే. ఆ రాత్రి బావ పడుకుంటాడని బ్రోకరు ఆవిడకి చెప్పలేదు.

బావ దుప్పటి తెచ్చి పరిచాడు. ఆవిడ ఒక మూల, ఈయన ఒక మూల. టార్చి మధ్యలో.

"ముప్పై రాత్రులు వరసగా ఇల్లు ఖాళీగా ఉంటే ఇన్సూరెన్సు పాలసీ చెల్లదండీ. కప్పు ఎగిరిపోయినా పైసా రాదు. అందుకని ఇరవై తొమ్మిదో రాత్రి వచ్చి పడుకుంటాను. మొదటి బస్సుకి వెళ్లిపోతాను."

"ఎక్కడికి?"

"కొండకింద ఊరికి."

బావ జేబులోంచి కాగితం తీసి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ టార్చి దగ్గరికి జరిపి వేలితో ఒక్కొక్క వరసా చదివింది.

"నేనూ ఇలాగే గీత గీశానండీ. మీరు నీటిపన్ను వెయ్యలేదు. అది కూడా అక్కడే తక్కువ."

"అయితే లాభమేనా?"

"లాభమే. ఆరేళ్లలో నేను వేసిన లెక్క ఒక్కసారీ తప్పలేదు." కాగితం తిరిగిచ్చేసింది. "ముప్పై ఒక్కేళ్లు ఊరందరి ఫోన్లూ కలిపినదాన్ని. అక్కడ నా తలుపు కొట్టినవాళ్లు లేరు. కరెంటు బిల్లు కూడా కింది సందులోంచి తోసేసి పోతారు."

"మరి తిరిగి వచ్చెయ్యొచ్చుగా?"

"ఏ మొహంతో? 'ఇన్నేసి పన్నులు కట్టే వెర్రివాళ్లు మీరు' అని ఈ వీధిలో అందరి గుమ్మంలోనూ నవ్వి మరీ వెళ్లాను. ఇప్పుడు డబ్బూ లేదు. ఇది అమ్మితేగాని రెండో ఇంటి ప్రీమియం బరువు దిగదు."

"మీరొచ్చిన రాత్రి దెయ్యమంటున్నారు. తెలుసా?"

"తెలుసు." ఆవిడ కిటికీ వైపు చూసింది. "ఆ ఒక్క రాత్రీ వీధంతా నా కిటికీ వంకే చూస్తుందండీ."

బావ టార్చి ఆ కిటికీ వైపు జరిపాడట.

తెల్లారకముందే ఆవిడ చెప్పులు చేతపట్టుకుని లేచింది. "మీరు కొంటే ఇక నేను రావక్కర్లేదు" అంది. సంతోషంగా చెప్పిందో కాదో చీకట్లో తెలియలేదన్నాడు. బస్సు దాకా దిగబెడతానంటే వద్దంది. ఎవరైనా చూస్తారని.

నెల తిరక్కుండా బావ ఆ ఇల్లు కొన్నాడు. పాలసీ తన పేరుకి మార్చుకోవడానికి ఇన్సూరెన్సు ఆఫీసుకి వెళ్లాడు. కౌంటర్లో అమ్మాయి ఫారం నింపుతూ అడిగింది.

"ఇంట్లో ఎంతమంది ఉంటారు సార్?"

"ఇరవై తొమ్మిది రాత్రులు ఒక్కణ్ణి. ఒక రాత్రి ఇద్దరం."

ఆ అమ్మాయి పెన్ను ఆపింది. "బంధువులా?"

"కాదమ్మా. ఆవిడకింకా ఉత్తరం రాయాలి. వస్తుందో రాదో."

"అయితే ఒకరు అని వేస్తాను సార్."

"ఇద్దరని వెయ్యి. ఆ రాత్రి ఏదైనా జరిగితే ఆవిడ సంచికీ చెప్పులకీ కూడా వర్తించాలి."

"ఒక్క రాత్రికైనా రెండో మనిషి లెక్క ఏడాదంతటికీ పడుతుంది సార్. ప్రీమియం పెరుగుతుంది." ఎంత పెరుగుతుందో చెప్పింది.

బావ జేబులోంచి డబ్బు తీసి ఇచ్చేశాడు. బేరమాడలేదు. లెక్క మళ్లీ చూడమనలేదు.

నలభై ఏళ్లుగా ఆయన్ని ఎరుగుదును. లెక్క రెండుసార్లు చూసుకోకుండా పైసా తీసిన మనిషి కాదు. తాళం తిరిగిందని చెప్పినప్పుడూ, గోడలు మూలిగాయని చెప్పినప్పుడూ నేను కదల్లేదు. ఈ మాట చెప్పినప్పుడు మాత్రం ఒళ్లు జలదరించింది.