క్యాలెండర్ వెనక చెమ్మ

“అన్నా, మంచి టార్చ్‌లైటు చూపియ్యి.”

ఆనంద్ బాబు తలెత్తాడు. ఎత్తినవాడు దించడం మర్చిపోయాడు. నాలుగు రోజులుగా ఫోన్‌లో రోజుకు పదిసార్లు చూసుకుంటున్న ఫోటో, హెల్మెట్ చంకలో పెట్టుకుని, మొయినాబాద్‌లోని తన ఎలక్ట్రికల్ షాపు మెట్ల మీద నిలబడి ఉంది.

జెన్నీ. ఆదివారం చర్చి అయ్యాక, పిల్లవాడి ఇల్లు చూసుకోవడానికి వాళ్ల నాన్నతో చేవెళ్లలోని తన ఇంటికి రాబోతున్న పెళ్లికూతురు.

ఆమెకు మాత్రం ఇతనెవరో తెలియదు. పెళ్లికొడుకు ఫోటో పంపితే, “ఫోటో ఎందుకు? ఇల్లు చూస్తే మనుషులు ఎట్లాంటోళ్లో తెలుస్తది” అందట. సంబంధం తెచ్చిన సక్కుబాయి చెప్పింది. కాబట్టి అన్నా అనడంలో ఆమె తప్పేం లేదు. అయినా గుచ్చుకుంది.

“అన్నా అనకుండ్రి.”

“మరేమనాలె? అంకులా?”

“అన్నే అనుండ్రి.”

అతను ఒక పొడవాటి టార్చి తీశాడు. “రెండు కిలోమీటర్లు కొడ్తది. కనకమామిడి రైతులు అడవిపందులకు ఇదే కొంటరు.”

“నేను పందులను తరమ. కొత్త ఇండ్లు కొనేటోళ్ల కోసం గోడలు చెక్ చేస్త. గోడ నాకు జానెడు దూరంల ఉంటది.”

ఆమె ఆ టార్చిని షాపు గోడకు ఎదురుగా పట్టింది. తెల్లటి వెలుగులో గోడ నున్నగా మెరిసింది.

“చూసినవా? ఎదురుంగ కొడితే ఏ గోడైనా పెండ్లికొడుకే. గోడకు ఆనిచ్చి అడ్డంగ పట్టాలె. అప్పుడు ఎత్తుపల్లాల నీడ పడ్తది. వెలుగు మధ్యల చుక్క లెక్క కాదు, అంతటా పరుచుకోవాలె. నీలం గొట్టొద్దు, పసుపు గొట్టొద్దు. పొద్దుందాంక డిమ్ము గావొద్దు.”

“పెండ్లికొడుక్కు గూడ ఇన్ని షరతులు పెట్టరు.”

“వాడు డిమ్మయితే ఉద్యోగం పోదు గద. పోయిన వారం అజీజ్‌నగర్ల ఒక విల్లాకు చెమ్మ ఉంటే నాకు కనబడలే. ఇంకొక్కటి మిస్సయితే ఇంటికే అన్నడు మా సార్.”

ఆమె అడిగిన టార్చి ఉంది. అతని సొంతానిది, కౌంటర్ కింద. దానితోనే తన ఇంటి హాలు గోడకు, బాత్రూం వైపు, చెమ్మ ఎక్కుతోందని పోయిన నెల కనిపెట్టాడు. బాగు చేయించేలోపే సంబంధం వచ్చింది. అమ్మ నిర్మలమ్మ ప్లంబర్ కోసం ఆగే మనిషి కాదు. గోడకు లప్పం పెట్టించి, రంగు వేయించి, పైన చర్చి క్యాలెండర్ తగిలించింది. “వాక్యమున్న గోడను ఎవరు అనుమానిస్తర్రా?” అంది.

పందుల టార్చి ఇస్తే సంబంధం ఖాయం. కౌంటర్ కిందిది ఇస్తే ఆమె ఉద్యోగం ఖాయం. ఆనంద్ బాబు రెండు నిమిషాలు బల్బుల డబ్బాలు సర్దాడు. తర్వాత కిందికి వంగాడు.

ఆమె దాన్ని గోడకు ఆనించి వెలిగించింది. షాపు గోడంతా అలలు లేచాయి.

“ఈ లప్పం ఎవరు పెట్టిన్రు?”

“నేనే.”

“తెలుస్తున్నది,” అని నవ్వింది.

ఆదివారం గుమ్మంలో అతన్ని చూడగానే ఆమె నోటిదాకా వచ్చిన ‘అన్నా’ను మింగేసింది. చాయ్ తాగింది. హ్యాండ్‌బ్యాగులోంచి టార్చి తీసింది.

“ఇయ్యాల సెలవు గద బిడ్డా,” అన్నాడు తండ్రి నతానియేలు.

అప్పటికే టార్చి గోడకు ఆనింది. క్యాలెండర్ అంచుల నుంచి బొబ్బల నీడలు పాకాయి. ఆమె క్యాలెండర్ ఎత్తింది. లప్పం పెద్ద దోసెలాగా పైకి లేచి ఉంది.

“వానలకు జర...” అంది నిర్మలమ్మ.

“వానలు పడి మూన్నెల్లాయె ఆంటీ.” జెన్నీ ఆనంద్ బాబు వైపు తిరిగింది. “ఈ సంగతి మీకెర్కేనా?”

“ఎర్కే.”

“నేనెవరో?”

“షాపుకొచ్చిన్నాడే ఎర్క.”

“ఎర్కుండే ఈ టార్చి ఇచ్చిన్రా?”

“పందుల టార్చి ఇద్దామనుకున్న. రెండు నిమిషాలు.”

“బల్బుల డబ్బాలు సర్దినంత సేపా?”

“ఔ.”

జెన్నీ మిగతా గోడలకూ టార్చి ఆనించి, గోడ అవతలి బాత్రూంలోకీ వెళ్లి చూసొచ్చి, టార్చి ఆర్పింది.

“డాడీ, బాత్రూం పైపు జాయింటు కారుతున్నది. రెండు రోజుల పని. ఇంటికి వేరే రోగం లేదు.”

“మరి పిల్లగాడు?”

“అడ్డంగ పట్టే చూసిన. లోపలిది దాచుకోలే. ఖాయం చేసుకోండ్రి.”

నిర్మలమ్మ ప్రార్థన చేయబోయి, ముందు ప్లంబర్‌కు ఫోన్ చేసింది.

గేటు దగ్గర ఆనంద్ బాబు మెల్లగా అడిగాడు. “ఇగ అన్నా అనరు గద?”

జెన్నీ హెల్మెట్ పెట్టుకుంది. “పైపు బాగైనాక ఆలోచిస్త.”