ఆఫీసరమ్మ తాపీ పట్టింది

నిన్న సాయంత్రం తుడిచి మెరిపించి వెళ్ళిన స్నానాలగది తలుపు తీసేసరికి, గోడకి నాలుగు టైల్స్ లేవు. నేలనిండా తెల్లటి ముక్కలు. వాటి మధ్య సుత్తీ ఉలీ పట్టుకుని గొంతుక్కూర్చున్న మనిషొకడు.

ఆమె చేతిలోని బకెట్‌ను కింద పెట్టింది. నెమ్మదిగానే పెట్టింది. కోపం ముదిరితే ఆమె ఏ పనైనా అలా నెమ్మదిగానే చేస్తుంది. ఆ సంగతి అతనికి అప్పటికింకా తెలియదు.

"ఎవరు చెప్పారు పగలగొట్టమని?"

"నీళ్ళు చెప్పాయండీ" అన్నాడతను తల తిప్పకుండానే. "ప్రెషర్ పెట్టి చూస్తే మీటరు ముల్లు దిగిపోతోంది. లోపల పైపు మలుపులో, ఎల్బో దగ్గర కారుతోంది. ఒకసారి మేస్త్రిని పిలవండి, నేను మాట్లాడతాను."

"పిలవక్కర్లేదు. వచ్చింది."

అప్పుడు తిప్పాడు తల. మోకాళ్ళకి రబ్బరు తొడుగులు, చెవి మీద పెన్సిలు, చేతిలో తాపీ, ఎత్తిన గడ్డం. కంగారుగా లేవబోయి నెత్తి కుళాయికి కొట్టుకున్నాడు.

ఆమెకి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఆ ఎల్బో ఎవరు బిగించారని అడిగింది. తప్పించుకోవడానికి అతనికి దారులు లేకపోలేదు. పైపు కంపెనీని అనొచ్చు, పాత గోడను అనొచ్చు. అతను మాత్రం నెత్తి రుద్దుకుంటూ, "నేనేనండీ. తప్పు నాదే" అన్నాడు.

ఆ జవాబుకి ఆమె కోపం సగం దిగింది. మిగతా సగం దిగడానికి ఒక గీకుడు రేకు తెచ్చి అతని చేతికిచ్చి, టైల్స్ వెనక ఎండిపోయిన గమ్మంతా గీకి గోడను నున్నగా చెయ్యమంది. ప్లంబరు చేసే పని కాదది. అయినా నోరెత్తకుండా రెండు గంటలు గీకాడు. ఆమె గది అవతలి మూల కొలతలు తీసుకుంటూ పుస్తకంలో రాసుకుంటోంది.

"ఏ ఆఫీసులో చేసేవారు?" అన్నాడు ఉన్నట్టుండి.

"ఆఫీసని ఎవరన్నారు?"

"మేస్త్రీలు లెక్కలు గోడ మీద రాస్తారు. మీరు తేదీ వేసి మరీ పుస్తకంలో రాస్తున్నారు."

ఆ రోజు నుంచీ అతను ఆమెని ఆఫీసరు గారూ అని పిలవడం మొదలుపెట్టాడు. ఆమె అతనికి పైపుల పెద్దమనిషి అని పేరు పెట్టింది. ఇల్లు కట్టిస్తున్నది రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. రోజూ రూపాయి బిళ్ళతో ఒక్కో టైలూ తట్టి, ఎక్కడైనా డొల్ల మోత వస్తుందేమోనని వినేవారు. ఇద్దరికీ ఆ పేర్లు కుదిరాయని ఆవిడ కూడా ఒప్పుకున్నారు.

అతను ఊహించింది నిజమే. ఆమె ఏడేళ్ళు ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసింది. క్లెయిములు చూసే సెక్షను. ఇల్లు కాలినవాళ్ళూ కాళ్ళు విరిగినవాళ్ళూ పెట్టుకున్న కాగితాల్లో, దేన్ని ఏ వంకతో తిప్పి పంపొచ్చో వెతకడమే ఆమె పని. చక్కగా చేస్తుందని ప్రమోషన్ కూడా ఇచ్చారు. ఆ ప్రమోషన్ వచ్చిన వారమే వాళ్ళింటి వంటగదిలో టైల్స్ మారుస్తుంటే, ముసలి మేస్త్రి ఒకాయన సరదాకి తాపీ ఇచ్చి, ఒకటి నువ్వు వెయ్యమ్మా అన్నాడు. వేసింది. మర్నాడు దాని మీద నిలబడి చూసింది. కదల్లేదు. ఏడేళ్ళలో తను చేసిన పని ఒకటి కళ్ళకి కనబడడం అదే మొదటిసారి.

తర్వాత ఒక సంవత్సరం పాటు సెలవురోజుల్లో ఆ మేస్త్రి వెనకే తిరిగింది. గమ్ము కలపడం, దారం కట్టడం, చెయ్యి తెగకుండా కట్టర్ నడపడం నేర్చుకుంది. ఒక సోమవారం ఆఫీసుకి వెళ్ళి రాజీనామా ఇచ్చి, మంగళవారం పనిముట్లు కొనుక్కుంది.

ఇంట్లో ఉండేది ఆమే, వాళ్ళ నాన్నా. ఆయన అచ్చాఫీసులో ముప్పై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి. కూతురు ఉద్యోగం మానేసిందని చుట్టుపక్కల వాళ్ళకి చెప్పుకోలేక, లాంగ్ లీవులో ఉందని చెప్పారు. ఆ లీవు ఏడాది నడిచింది. ఒకరోజు పక్కింటావిడ మెట్ల దగ్గర ఆపి, లీవెప్పుడు అయిపోతుందమ్మా అని అడిగితే ఆమె తడుముకోకుండా చెప్పింది: "లీవు కాదు పిన్నిగారూ, టైల్స్ వేస్తున్నాను. మీ బాల్కనీలో రెండు డొల్లగా ఉన్నాయి, తొందరగా చూపించుకోండి."

నాన్న మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. నాలుగో రోజు మాట్లాడారు గానీ, కరెంటు బిల్లు గురించి.

ఈ కథంతా ఆమె ప్లంబరుకి ఒక వాన రోజున చెప్పింది. సిమెంటు బస్తాలు తడవకుండా ఇద్దరూ కలిసి వరండాలోకి లాగి, రొప్పుతూ వాటి మీదే కూర్చున్నారు. వాన ఎదుటి మేడలు కనబడనంతగా కురుస్తోంది. అతను తన టిఫిన్ బాక్స్ మూత తీసి మధ్యలో పెట్టాడు. ఆమె కూడా తన డబ్బా పక్కన పెట్టింది. ఇద్దరూ ఎదుటివాళ్ళ డబ్బాలోంచే తిన్నారు, ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

అతని నాన్నా ప్లంబరే, తాతా ప్లంబరేనట. "మీరు ఎంచుకుని వచ్చారు. నన్నెవరూ అడగలేదు, స్పానర్ చేతిలో పెట్టారు" అన్నాడు.

"అడిగుంటే?"

"అప్పుడూ ఇదే చేసేవాణ్ణేమో. కానీ అడిగితే బావుండేది."

ఆమె అతని వైపు చూసింది. అతను వాన వైపు చూస్తున్నాడు. తర్వాత అతను చూశాడు, అప్పుడామె వాన వైపు తిరిగింది. వాన తగ్గి అరగంటైనా ఇద్దరూ బస్తాల మీంచి లేవలేదు. హెడ్మిస్ట్రెస్ గారు వచ్చి, బడిలో అయితే ఇద్దర్నీ చెరో బెంచీ మీదా నిలబెట్టేదాన్నని చెప్పాక లేచారు.

తర్వాతి వారం ఆమె టైల్స్ షాపుకి వెళ్ళిన పూట రెండు సంగతులు జరిగాయి. పాత మేనేజరు ఇంటికి ఫోన్ చేసి, ఆమె సీటు మళ్ళీ ఖాళీ అయిందనీ ఒకటో తారీఖుకల్లా చేరితే పాత హోదా అలాగే ఉంటుందనీ నాన్నకి చెప్పాడు. నాన్న కూతుర్ని అడక్కుండానే సరేననేశారు. అంతటితో ఆగక నేరుగా హెడ్మిస్ట్రెస్ గారి దగ్గరికి వచ్చి, అమ్మాయి తిరిగి ఉద్యోగంలో చేరుతోంది, దయచేసి వదిలిపెట్టండని కోరి వెళ్ళారు. ఆ మాటలు వంటగదిలో సింకు కింద పడుకుని పైపు బిగిస్తున్న ప్లంబరు విన్నాడు.

ఆ రోజు నుంచీ అతను మారిపోయాడు. ఆఫీసరు గారూ అన్న పిలుపు పోయింది. అడిగినదానికి జవాబు, అంతే. భోజనాల వేళకి మేడ ఎక్కేస్తున్నాడు. ఏమైందో తెలియక ఆమె రెండు రోజులు జుట్టు పీక్కుంది. మూడో రోజు హెడ్మిస్ట్రెస్ గారే, "నీ ఆఖరి రోజు ఎప్పుడమ్మా? హాలుకి వేరే మేస్త్రి నంబరు ప్లంబరు ఇచ్చాడులే, నువ్వు బెంగపెట్టుకోకు" అన్నారు.

ఆమె చేతిలోని తాపీని నెమ్మదిగా కింద పెట్టింది. తన ఆఖరి రోజంటూ ఏదీ లేదనీ, హాలు తనే వేస్తుందనీ ఆవిడకి చెప్పి మేడ మెట్లెక్కింది. అతను నీళ్ళ ట్యాంకు పక్కన పైపు కోస్తున్నాడు.

"నా హాలు ఎవరికో ఇప్పించావట."

అతను రంపం ఆపాడు. "మీరు వెళ్ళిపోతున్నారు కదండీ. పాపం ఆవిడ పని ఆగిపోతుందని..."

"వెళ్ళిపోతున్నానని నేను చెప్పానా?"

"మళ్ళీ పాత ఉద్యోగంలో చేరుతున్నారని మీ నాన్నగారు వచ్చి చెప్పారు."

"టైల్స్ వేసేది మా నాన్నా?"

అతను రంపం కింద పెట్టాడు.

"ఆ కుర్చీ వదిలి వచ్చేటప్పుడు అడ్డం వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఒక్కళ్ళని కూడా లెక్కచెయ్యలేదు. నువ్వు అలాంటివాడివి కాదనుకున్నాను. నాలుగడుగుల దూరంలో ఉన్నాను కదా, ఒక్కమాట నన్ను అడగలేకపోయావా?"

"భయమేసింది" అన్నాడతను.

"దేనికి?"

"అడిగితే అవునంటారేమోనని."

ఆమె వెనక్కి తిరిగి దిగిపోయింది. సగం మెట్లు దిగాక గాని, అతన్ని మొదటిసారి నువ్వు అన్న సంగతి గుర్తుకు రాలేదు. అన్నమాట వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

ఇంటికెళ్ళి జరిగింది నాన్న నోటే విని, ఆయన ఎదురుగానే మేనేజరుకి ఫోన్ చేసింది. రానని చెప్పి, ఆ సీటు ఇంకెవరికైనా ఇచ్చుకోండని పెట్టేసింది. నాన్న కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. చివరికి, "జీవితాంతం అలా మోకాళ్ళ మీదే ఉంటావా?" అన్నారు.

"పని చెయ్యడానికి మోకాళ్ళ మీద ఉంటాను నాన్నా. కుర్చీలో కూర్చుని వంగినంతగా ఇక్కడెప్పుడూ వంగలేదు."

ఆయన లేచి తన గదిలోకి వెళ్ళిపోయారు. కానీ మర్నాడు పదింటికి మళ్ళీ ఆ ఇంటి గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. ఈసారి కూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకుపోదామనే వచ్చారు. ఆమె హాల్లో పెద్ద టైల్స్ మూడో వరస వేస్తోంది. తలెత్తి చూసి, గమ్ము కలిపేశాననీ ఇప్పుడు లేస్తే ఎండిపోతుందనీ గంటసేపు ఆగమనీ చెప్పింది. నాన్న చేసేదిలేక బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చున్నారు.

మొదట కిటికీలోకి చూశారు. తర్వాత గడియారం చూసుకున్నారు. తర్వాత తెలియకుండానే కూతురి చేతుల్ని చూడడం మొదలుపెట్టారు. పళ్ళున్న తాపీతో గమ్ముని గీతలు గీతలుగా పరిచి, టైలుని ఒక అంచు ముందు ఆనించి, చంటిపిల్లని పడుకోబెట్టినట్టు దించుతోంది. రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు. రసమట్టం పెట్టి బుడగ చూడడం. మళ్ళీ ఇంకొకటి.

"ఆ చివర" అన్నారు ఉండబట్టలేక. "కుడి పక్కన. వరస వెంట్రుకవాసి దిగింది."

ఆమె చూసింది. ఆమె కంటికి తేడా కనబడలేదు. దారం కట్టి చూస్తే మాత్రం ఉంది. ఎక్కడ మొదలైందో చూస్తే, అప్పటికే వేసిన నాలుగూ తియ్యాలి. హెడ్మిస్ట్రెస్ గారు కూడా వచ్చి వంగి చూసి, తనకేమీ కనబడ్డం లేదు, వదిలెయ్యమ్మా అన్నారు.

ఆమె వదల్లేదు. తాపీ అంచు కింద దూర్చి ఒక్కోటీ లేపింది. కడిగింది. మళ్ళీ గమ్ము కలిపింది. దారం పట్టుకోవడానికి ఇంకో చెయ్యి కావాల్సివస్తే నాన్న డబ్బా మీంచి లేచి, చొక్కా చేతులు పైకి మడిచి, రెండో చివర పట్టుకుని నిలబడ్డారు.

అదే సమయానికి ప్లంబరు భుజం మీద పైపులతో గుమ్మం దాకా వచ్చాడు. వంటగదికి దారి హాల్లోంచే. పరిచిన టైల్స్ చూసి ఆగాడు. బయట జల్లు పడుతోంది. అతను వెనక్కి తిరిగి, అంత బరువుతో ఇల్లంతా చుట్టి, తడుస్తూ పెరటి గుమ్మంలోంచి వంటగదిలోకి వెళ్ళాడు. ఇంకో రెండు పైపులకి మళ్ళీ అదే చుట్టు తిరిగాడు.

"ఎవరతను?" అన్నారు నాన్న దారం వదలకుండా.

"ప్లంబరు."

"నీ పని తొక్కకూడదని తడుస్తున్నాడు" అన్నారాయన. ఆమె తర్వాతి టైలు అందుకుంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి, అది కూడా ఆయన కళ్ళలో పడింది.

వరస పూర్తయ్యాక ఆయన చేతులు కడుక్కుని, ముప్పై ఏళ్ళలో తను ఎందరికో తప్పులు చూపించాననీ, చూపిస్తే మూతి ముడుచుకోకుండా దిద్దుకున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మందేననీ అన్నారు. ఇంటికి వెళ్ళేటప్పుడు ఆమెని రమ్మనలేదు. సాయంత్రం తొందరగా వచ్చి అన్నం తినమన్నారు.

ఇంకో పదిహేను రోజులకి ఇల్లు పూర్తయింది. ఈలోగా అతను ఆ వేరే మేస్త్రిని రావద్దన్నానని చెప్పి క్షమాపణ అడిగాడు. ఆమె క్షమించానని చెప్పలేదు గానీ టిఫిన్ డబ్బా మళ్ళీ మధ్యలో పెట్టింది. అతనూ మెల్లగా నువ్వులోకి దిగాడు.

ఆఖరి రోజు హెడ్మిస్ట్రెస్ గారు హాలంతా తట్టి చూసుకుని లోపలికి వెళ్ళాక, అతను ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "ఒక సంగతి ఆలోచించాను. విడివిడిగా తిరిగే బదులు ఇద్దరం కలిసి చేస్తే ఎలా ఉంటుంది? పైపులూ టైల్సూ ఒకే కంపెనీ. ఒకటే కార్డు" అన్నాడు.

"కుదరదు" అంది ఆమె, ఆలోచించకుండానే.

అతని మొహం వాడిపోయింది. "అది కాదు. అసలు అడగాలనుకున్నది పెళ్ళి గురించి. ఎలా మొదలుపెట్టాలో తెలీక వ్యాపారంలోకి పోయాను."

"పెళ్ళయితే పెళ్ళి అని అడుగు."

"నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"చేసుకుంటాను" అంది. "కంపెనీ మాత్రం ఎవరిది వాళ్ళదే. నా బోర్డు మీద నా పేరొక్కటే ఉంటుంది. నీ పేరు రాయడానికి ఎంత ప్రేమున్నా చోటు లేదు."

"సరే" అన్నాడతను. నవ్వు ఆపుకోవడం వల్లకాక గోడకి ఆనుకున్నాడు.

ఆదివారం అతను ఉతికిన చొక్కా వేసుకుని వాళ్ళింటికి వచ్చాడు. నాన్న అతన్ని కూర్చోబెట్టి, ఇల్లూ వాకిలీ సంపాదనా ఏమీ అడగలేదు. కళ్ళజోడు సర్దుకుని ఒకటే ప్రశ్న వేశారు.

"పెళ్ళయ్యాక మా అమ్మాయిని పని మానెయ్యమంటావా?"

"నేను చెప్తే వింటుందా అండీ?"

"వినదని నాకు తెలుసు" అన్నారు నాన్న. "నీకు తెలుసో లేదో కనుక్కుందామని."

ఇద్దరు మగవాళ్ళూ మొదటిసారి కలిసి నవ్వుకున్నారు. రోజు ఎప్పుడు పెట్టుకుందామని నాన్న క్యాలెండర్ అందుకోబోతుంటే, టీ గ్లాసులు తెస్తూ ఆమె గుమ్మంలోంచే చెప్పింది:

"మీకు ఇష్టమైన రోజు పెట్టుకోండి. వచ్చేనెల పదో తారీఖు దాకా మాత్రం నాకు పనుంది."