వెనక్కి తీసుకున్న వేలం పాట

ఉదయం ఎనిమిదైంది. సోలాపూర్ దాజీ పేట్‌లోని ఆ గల్లీ అప్పటికే పవర్‌లూమ్‌ల చప్పుడుతో అదురుతోంది. మంగళ గడప పక్కన కూర్చుని, వేయించిన పల్లీలకు పొట్టు తీస్తోంది. అరవై ఆరేళ్లు వచ్చినా చట్నీ పని మాత్రం ఆమె కోడలికి వదలదు.

వెనక షెడ్డులో తువ్వాళ్లు నేసే నాలుగు మిషన్లనూ పనివాళ్లకు అప్పజెప్పి, కొడుకు తుషార్ ఫోన్ పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చాడు. నలభై నాలుగేళ్ల మనిషి, చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు.

"అమ్మా, గిటు చూడు. ఇది ఎవరిదో చెప్పు?"

మంగళ కళ్లజోడు సర్దుకుంది. ఫోన్‌లో ఒక బొమ్మ. అరుగు మీద నలుగురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. వెనక మట్టి గోడ, మూలన కుండ. అంతా నూలు పోగులతో మగ్గం మీద నేసిందే. ఆమె చేతిలోని పల్లీలు చేతిలోనే ఉండిపోయాయి.

"నాయిన నేసిన వాల్ హ్యాంగింగ్! అవార్డు వచ్చింది గదే!" అన్నాడు తుషార్. "ముంబైల ఎవరో ఆన్‌లైన్ వేలంల పెట్టిండ్రు. 'గాజుల రాజారాం, సోలాపూర్' అని పేరు గూడ రాసిండ్రు. నేను లక్షా ఎనభై ఐదు వేలకు పాడిన. ఇప్పటిదాంక నాదే పెద్ద పాట. ఆదివారం సాయంత్రం బంద్ అయితది."

వంటింట్లోంచి ఋతుజ గొంతు వచ్చింది. "పైసలు యాడివో గది గూడ చెప్పుండ్రి. రేకులు మార్పిద్దామని నేను రెండేండ్లు కట్టిన చీటీ పైసలవి. వాన వస్తే బొమ్మను నెత్తి మీద కప్పుకుందాం మరి!"

"నువ్వు ఊకో ఋతుజా. నాయిన పోయి వచ్చే నెలకు పదేండ్లు. మన నేతోళ్ల సమాజం హాల్‌ల దాన్ని గోడకు తగిలిపిచ్చి, పెద్దమనుషులను పిలిచి, నాయిన పేరు చదివిపిస్త. ఇగ గదే పనిగ ఉన్న."

"పాట వెనుకకు తీసుకో తుషార్," అంది మంగళ.

"కాయ్ ఝాలా, ఏమైంది అమ్మా? నీకు సంతోషం కాలేదా?"

"వెనుకకు తీసుకో అన్న."

ఋతుజ గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. అత్తగారు తన పక్షాన మాట్లాడటం పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆమె ఎప్పుడూ వినలేదు. "చూసిండ్రా? అత్తమ్మకు గూడ తెలిసింది దుబారా అని."

"పైసల కొరకు అంటలేను," అంది మంగళ. "అది మీ నాయిన నేసింది కాదు."

"ఏంది?"

"మీ నర్సమ్మత్త నేసింది."

ఆ పేరు ఆ ఇంట్లో ముప్పై అయిదేళ్లుగా ఎవరూ ఎత్తలేదు.

నర్సమ్మ రాజారాంకు అక్క. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. అప్పట్లో ఈ ఇంట్లో చేతి మగ్గాలు రెండుండేవి. రాజారాం చీరలు నేసేవాడు. మంచి పనివాడే, కానీ బొమ్మ గీయడం అతనికి చేతకాదు. నర్సమ్మ బొగ్గు ముక్కతో నేల మీద నాలుగు గీతలు గీస్తే చాలు, మనిషి లేచి కూర్చున్నట్టు ఉండేది. ఆమె నేస్తే అతను తీసుకెళ్లి వ్యాపారులకు చూపించేవాడు. ఎవరు నేశారని వాళ్లూ అడగలేదు, ఇతనూ చెప్పలేదు. పని అతనిదేనని అందరూ అనుకున్నారు. క్రమంగా అతనూ అనుకోవడం మొదలుపెట్టాడు.

బీడీల ఆడవాళ్ల బొమ్మ నేయడానికి ఆమెకు అయిదు నెలలు పట్టింది. అది ముంబై ప్రదర్శనకు వెళ్లింది, అవార్డు వచ్చింది, రాజారాం శాలువా కప్పుకున్న ఫొటో పేపర్లో పడింది. కానీ బొమ్మ ఇల్లు కదలకముందే నర్సమ్మ ఆ ఇల్లు విడిచి వెళ్లిపోయింది. ఆస్తిలో వాటా అడిగి, పంచాయితీ పెట్టి, తిట్టిపోసి వెళ్లిందని రాజారాం అందరికీ చెప్పాడు. అప్పటికి తొమ్మిదేళ్ల తుషార్ కూడా అదే విన్నాడు, అదే నమ్మాడు.

"అబద్ధం," అన్నాడు తుషార్ ఇప్పుడు. ముఖం నల్లబడిపోయింది. "నాయిన బతికి ఉన్నప్పుడు ఒక్క మాట అనకపోతివి. పోయినంక బురద చల్లుతున్నవా?"

"ఫోన్‌ల ఆ బొమ్మకు యాడన్న కుట్టు ఉన్నదని రాసిండ్రేమో చదువు ఋతుజా."

ఋతుజ అతని చేతిలోంచి ఫోన్ తీసుకుంది. అవీ ఇవీ చదివి ఒకచోట ఆగింది. "ఎడమ దిక్కు కింద మూలకు పాత మరమ్మతు ఉన్నదట."

"అక్కడ ఆమె తన పేరు నేసుకున్నది. మీ నాయిన బ్లేడుతోని కోసిండు. ఆ కన్నానికి రఫూ చేసింది నేను. నర్సమ్మ ఇదే వాకిట్ల నిలబడి చూసుకుంట ఉన్నది. నేను తల వంచుకొని కుట్టిన."

షెడ్డులో మిషన్లు కొట్టుకుంటూనే ఉన్నాయి.

"మరి వాటా అడిగిందని నాయిన చెప్పింది?" అన్నాడు తుషార్ చివరికి.

"ఏ వాటా అడగలేదురా. 'పేరెందుకు కోసినవ్ తమ్ముడా?' అని అడిగింది. దానికే ఆమె ట్రంకు పెట్టె వీధిల వేసిండు."

"ఇన్నేండ్లు ఎందుకు నోరు మూసుకున్నవే అమ్మా?"

మంగళ కొడుకు ముఖంలోకి చూసింది. "'అవార్డు రాజారాం పెండ్లాం' అని గల్లీల అందరు పిలుస్తుంటే తియ్యగ ఉండె. అందుకే."

తుషార్ చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం వరకూ రాలేదు. వచ్చాక భోజనం ముట్టలేదు. బండి తాళం చేతిలో ఆడిస్తూ, "ఆమె యాడ ఉంటది?" అన్నాడు.

"కుంభారి దిక్కు, బీడీ కార్మికుల కాలనీల."

"నీకెట్ల తెలుసు?"

"రెండేండ్ల కింద కొంతం చౌక్‌ల బస్సు కొరకు నిలబడి కనిపించింది. పక్కన ఎవరితోనో తన ఇంటి నంబరు చెప్తుంటే విన్న." మంగళ ఆగింది. "నన్ను చూస్తదేమోనని కొంగు కప్పుకొని దుకాణంల దూరిన."

తుషార్ బండి తీసి, వెనక ఎక్కమని తల్లికి చేత్తో చూపించాడు. అతను ఒక్క తిట్టు తిట్టినా ఆమెకు కొంత తేలికయ్యేది.

కుంభారి కాలనీలో వందల కొద్దీ ఇళ్లు ఒకేలా వరసగా ఉన్నాయి. నాలుగు వీధులు తిరిగి, నంబరు పట్టుకుని వెళ్లేసరికి నాలుగైంది. తలుపు తెరిచే ఉంది. నర్సమ్మ గోడకు వీపు ఆనించి, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. జుట్టు ముగ్గుబుట్టలా తెల్లబడింది. వేళ్లు మాత్రం ఆకు మడిచి దారం చుట్టడంలో ఆగడం లేదు.

వచ్చినవాళ్లను తలెత్తి చూసింది. గుర్తుపట్టింది. మళ్లీ చాటలోకి చూసింది.

"ఎవరు సచ్చిండ్రు?" అంది.

"ఎవరూ కాదు అత్తా," అన్నాడు తుషార్. "నేను తుషార్‌ను."

"ఎరుకే. మీ నాయిన మొకమే పెట్టుకొని వచ్చినవ్ గద."

అతను వంగి ఫోన్ ఆమె ముందు పెట్టాడు. నర్సమ్మ చేతులు అప్పుడు ఆగాయి. చాలాసేపు చూసింది. తంబాకు అంటిన వేలితో తెరను తాకబోయి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

"ఇగో ఈమె మా అమ్మ. మీ నాయినకు గూడ అమ్మనే గద, మొకం గుర్తు పట్టలేదు వాడు. ఈ పక్కన కూసున్నది నేను." ఒక్క క్షణం ఆమె గొంతు మెత్తబడింది. వెంటనే మళ్లీ గట్టిపడింది. "ఇప్పుడెందుకు తెచ్చిండ్రు నాకు చూపిచ్చనీకి?"

తుషార్ వేలం సంగతి చెప్పాడు. తన పాట సంగతి, సమాజం హాల్ సంగతి, ఉదయం తల్లి చెప్పిన నిజం, ఏదీ దాచలేదు. చివరికి అన్నాడు: "నేను గెలుస్త అత్తా. ఎంతయినా పాడుత. కొని తెచ్చి నీ చేతిల పెడ్త."

నర్సమ్మ నవ్వింది. ఆ నవ్వు వినలేక మంగళ తల దించుకుంది.

"నాకు అమ్ముతున్నవా, దానం చేస్తున్నవా? నేను నేసినదాన్ని నువ్వు కొని నాకు ఇస్తవా? మీ నాయిన నా పేరు తీసుకున్నడు. నువ్వు దాన్ని తిరిగి ఇచ్చిన పుణ్యం గూడ తీసుకుంటవా? వద్దు బిడ్డా. నీ పైసలతోని నా ఇంట్ల అది వద్దు. నీ హాల్‌ల అయితే అసలే వద్దు."

అప్పటిదాకా గుమ్మంలోనే నిలబడ్డ మంగళ లోపలికి వచ్చి నేల మీద కూర్చుంది.

"వదినె, ఒక మాట చెప్పాలె. వీడికి గూడ చెప్పలేదు. నువ్వు పేరు నేసిన సంగతి ఆయనకు తెలియనే తెలియదు. నేనే చెప్పిన."

తుషార్ తల్లి వైపు తిరిగాడు. నర్సమ్మ తిరగలేదు.

"ఎరుక నాకు," అంది. "ఆ పేరు చూసింది నువ్వొక్కదానివే. నేనే నిన్ను పిలిచి చూపిచ్చిన. సంతోషంతోని చూపిచ్చిన. నీకు గూడ సంతోషమైతదని అనుకున్న."

"నాకు కడుపు మండింది వదినె. నువ్వు నా దిక్కు చూసి నవ్వుతుంటివి. నేను వండి పెట్టేదాన్ని, నువ్వు తిని లేచి మగ్గం మీద కూసునేదానివి. ఆ ఇంట్ల నాకు అని ఏమున్నది? ఆయన పేరొక్కటే నాది అనుకున్న. దాంట్లకు గూడ నువ్వు వచ్చినవని... ఇంట్లకెల్లి వెళ్లగొడ్తడని మాత్రం అనుకోలేదు."

"వెళ్లగొట్టినప్పుడు తలుపు ఎవరు పెట్టిండ్రు మంగళా?"

గడియ పెట్టింది మంగళేనని ఆ గదిలో ముగ్గురికీ ఇప్పుడు తెలుసు.

"నెల దినాలు దర్గా పక్కన ఒక అవ్వ అరుగు మీద పండుకున్న," అంది నర్సమ్మ. "ఆమెనే బీడీల కంపెనీల పేరు ఎక్కిపిచ్చింది. మగ్గం మళ్ల ముట్టలేదు. పేరు కొరకు అప్పుడు ఏడ్చిన. ఇప్పుడు ఏడ్వనీకి కండ్లల్ల నీళ్లు గూడ లేవు. పోండ్రి. చీకటి పడకముందు పోండ్రి."

తుషార్ కదలలేదు. ఫోన్ తీసి, పాట వెనక్కి తీసుకునే చోటు వెతికాడు. కట్టిన డిపాజిట్ ఇరవై వేలు తిరిగి రావని, ఇక మీదట ఆ సైట్‌లో పాడటానికి వీలుండదని అందులో ఉంది. అతను సరే అని నొక్కాడు. కారణం రాయమని ఖాళీ గడి ఒకటి వచ్చింది.

"ఏం రాస్తున్నవ్?" అంది మంగళ.

"నిజం." రాస్తూ పైకి చదివాడు. "వేలంలో పెట్టిన పేరు తప్పు. దీన్ని నేసింది రాజారాం కాదు. రాజారాం కొడుకునైన నేనే చెప్తున్నాను. నేసింది ఆయన అక్క నర్సమ్మ."

"నర్సమ్మ అంటే ఎవరికి తెలుస్తది?" చాటలోంచి తలెత్తకుండానే అంది ఆమె. "ఈ కాలనీలనే యాభై మంది నర్సమ్మలున్నరు."

"మరి ఏం రాయాలె అత్తా?"

ఆమె ఒక బీడీ చుట్టింది. ఇంకొకటి చుట్టింది. "గాజుల నర్సమ్మ," అంది. తర్వాత చాలా నెమ్మదిగా, "దాజీ పేట్," అంది.

తుషార్ రాశాడు. పంపించాక ఫోన్ జేబులో పెట్టుకుని, వంగి ఆమె పాదాలు తాకబోయాడు. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది.

వేలం సంస్థ నుంచి మర్నాడు జవాబు వచ్చింది. ఆధారాలు లేకుండా పేరు మార్చలేమని, క్షమించాలని అందులో రాశారు. ఆదివారం సాయంత్రం ఆ బొమ్మ రాజారాం పేరు మీదే రెండు లక్షల పది వేలకు ఎవరికో వెళ్లిపోయింది. తుషార్ సమాజం పెద్దలకు ఫోన్ చేసి హాల్ కార్యక్రమం వద్దన్నాడు. ఎందుకని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాడు. ఒకాయన మధ్యలోనే ఫోన్ పెట్టేశాడు. ఇంకొకాయన, "పోయిన మనిషి పేరు ఖరాబు చేస్తవా?" అన్నాడు. రెండు రోజుల్లో గల్లీ అంతా పాకింది. మంగళ నీళ్లకు వెళ్తే ఆడవాళ్లు మాటలు ఆపడం మొదలైంది. ఋతుజ మాత్రం డిపాజిట్ డబ్బు గురించి ఒక్క మాట ఎత్తలేదు. మిగిలిన చీటీ డబ్బుతో రేకులవాణ్ని పిలిపించింది.

ఆ తర్వాతి సోమవారం పొద్దున మంగళ ఒంటరిగా బస్సెక్కి కుంభారి వెళ్లింది. గుమ్మంలో నిలబడి, "ఇంటికి రా వదినె," అంది.

"ఏ ఇంటికి?"

నర్సమ్మ చాటలోంచి ఇంకో ఆకు తీసుకుంది.

"నాకు ఇల్లున్నది," అంది నర్సమ్మ. "నా పేరు మీద కాగితం ఉన్నది దీనికి. నేను యాడికి రాను. నిన్ను మాఫ్ గూడ చేయను. అది నాతోని కాదు."

"చేయకు," అంది మంగళ. అంతే, గుమ్మానికి ఆనుకుని కూలబడి ఏడ్చేసింది. ఆ రోజు రఫూ చేస్తూ మింగిన ఏడుపు, భర్త పోయినప్పుడు కూడా రాని ఏడుపు, ముసలి గొంతులోంచి పెద్దగా వచ్చింది. పక్కింటివాళ్లు తొంగి చూశారు.

నర్సమ్మ చేతిలోని బీడీకి దారం చుట్టి ముడి వేసింది. తర్వాత ఒళ్లోని చాట పక్కన పెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది.

"ఎండల కూసోకు. లోపలికి రా," అంది. "చాయ్‌ల చక్కెర ఎంత వేయాలె నీకు? మరిచిపోయిన."